వాగు వైపు నుంచి పనసపండు వాసన

నాకు ముప్పై ఆరేళ్ళు. ఈ వయసులో రిటైరవుతున్నానంటే మా స్నేహితుడు రమణ పకపకా నవ్వాడు. "పెన్షన్ ఎవరిస్తారు గురూ, చెట్లా?" అన్నాడు. ఈ పనిలో చెట్టెక్కేవాళ్ళకి నడుం పోతుంది. చెట్టు మొదట్లో కూర్చుని మట్టి తవ్వేవాళ్ళకి మోకాళ్ళు పోతాయి. నేను రెండో రకం. ఎముకల డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూపించి, ఇంకొన్నాళ్ళు ఇలాగే తవ్వితే చేతికర్ర తప్పదన్నాడు. వచ్చే నెల నుంచి లాస్ కొలీనాస్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను.

నా చోటికి ఇద్దరు కుర్రాళ్ళు వస్తున్నారు. ఇద్దరూ ఆంధ్రలో వ్యవసాయ కళాశాలలో చదివి, టెక్సస్ వచ్చి మొక్కల తెగుళ్ళ మీద ఎం.ఎస్. చేశారు, డెబ్బైల చివర్లో నేను చేసినట్టే. శిలీంధ్రం పేరు, మందు పేరు, మోతాదు వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. అందుకని పుస్తకంలో దొరకనివే రాస్తున్నాను. వీసా, జీతం, ప్రమోషన్ల గొడవ రాయను. అది అందరికీ ఒకటే.

పని ఏమిటంటే

డాలస్ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు మన కంపెనీకి ఫోన్ చేసి, "మా ఓక్ చెట్టుకి ఏదో అయింది, వచ్చి చూడండి" అంటారు. సగంసార్లు అది నీళ్ళు ఎక్కువై వచ్చిన జబ్బో, పునాది తవ్వినప్పుడు వేళ్ళు తెగడమో అవుతుంది. మిగిలిన సగంలో కొన్ని వాడు తెగులు. వాడు తెగులంటే ఒక శిలీంధ్రం చెట్టు నీటి గొట్టాల్లో చేరుతుంది. అది పాకకుండా చెట్టు తన గొట్టాలను తానే మూసేసుకుంటుంది. కింద నేల తడిగా ఉంటుంది, పైన ఆకు దాహంతో చస్తుంది. శిలీంధ్రం చంపేదాని కంటే చెట్టు భయపడి తనను తాను చంపుకునేదే ఎక్కువ.

ఎర్ర ఓక్ అయితే కొద్ది వారాల్లో పోతుంది. వేసవి మధ్యలో అది ఒక్కటే శరదృతువులోలాగా ఎర్రబడి నిలబడుతుంది. చుట్టూ పచ్చటి చెట్లు, మధ్యలో అది. మొదటిసారి చూసినవాళ్ళు అందంగా ఉందని ఫొటో తీసుకుంటారు. లైవ్ ఓక్ అంత తొందరగా పోదు. దానిది ఇంకో కథ. ఏడాది పొడుగునా పచ్చగా ఉండే ఈ చెట్లు గుంపులుగా పెరుగుతాయి. నేలకింద ఒకదాని వేళ్ళు ఇంకోదాని వేళ్ళతో అతుక్కుని ఒకే వేరైపోతాయి. పైన పది చెట్లు కనిపిస్తాయి. కింద ఉన్నది ఒక్క ప్రాణి. తెగులు ఆ వేళ్ళలో నడుస్తుంది.

ఆ నడక మీకు కనిపించదు. వినిపిస్తుంది. గాలి బొత్తిగా లేని మధ్యాహ్నం తెగులు తగిలిన లైవ్ ఓక్ కింద నిలబడండి. ఆకులు రాలుతూ ఉంటాయి. ఎండుటాకులు కావు, సగం పచ్చగా ఉన్నవే. పైన కొమ్మ కదలదు. ఆకు మాత్రం టప్ మని మీ భుజం మీద పడుతుంది, కాసేపటికి ఇంకోటి. పిట్ట కూడా ఉండదు. నేను పనిలో చేరిన కొత్తలో, చుట్టూ ఎవరూ లేకపోయినా ఎవరో చూస్తున్నట్టనిపించి ట్రక్కు తలుపు తెరిచే ఉంచేవాణ్ణి. పని పాతబడినా ఆ అలవాటు పోలేదు. పోగొట్టుకోవద్దనే చెబుతాను. ఆ జంకు పోయినవాడు తొందరగా చూసి తొందరగా వెళ్ళిపోతాడు.

నేను ప్రతిదాన్నీ వరసలో పెట్టుకునే మనిషిని. ట్రక్కు దిగగానే ముందు చెట్టు పైభాగం, తర్వాత కాళ్ళ దగ్గర రాలిన ఆకులు, తర్వాత కంచె అవతల పక్కింటివాళ్ళ చెట్లు, చివరికి ఇంటాయనతో మాటలు. ఇదీ నా వరస. మా బాస్ వాల్ట్‌ది దీనికి తలకిందులు. అతను ముందు ఇంటివాళ్ళతో మాట్లాడేవాడు. "ప్రసాద్, చెట్టు అబద్ధం చెప్పదు కాబట్టి దానికి తొందరేం లేదు. ముందు అబద్ధం చెప్పేవాళ్ళ మాట విను" అనేవాడు. అతని వరసే మంచిదని నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది.

వాల్ట్ గీసిన గీత

వాల్ట్ టెక్సస్‌లోనే పుట్టి పెరిగినవాడు. భారీ మనిషి. సైన్యంలో కందకాలు తవ్వి వచ్చాడు. అందుకేనేమో, తెగులుకి కందకమే మందని నమ్మేవాడు. జబ్బుచెట్లకీ మంచిచెట్లకీ మధ్య నేలను లోతుగా చీల్చి వేళ్ళు తెగ్గొడితే తెగులు అక్కడ ఆగుతుంది. అది నిజమే.

నైరుతి దిక్కున ఒక పశువుల రాంచ్‌లో పని దొరికింది. గుంపులో ఒక వైపు చెట్లు పూర్తిగా ఎండిపోయాయి. ఇంకోవైపు నిగనిగలాడుతున్నాయి. వాల్ట్ బూటుతో నేలమీద గీత గీశాడు, సరిగ్గా ఎండినవాటికీ పచ్చనివాటికీ మధ్య. యంత్రం పెట్టి అక్కడే చీల్చాం. రాంచ్ యజమాని మాకు బీఫ్ బార్బెక్యూ పెట్టాడు, నాకు మొక్కజొన్న కంకులు కాల్చి ఇచ్చాడు. అందరం సంతోషంగా తిరిగొచ్చాం.

మరుసటేడు ఆయన పిలిస్తే వెళ్ళాం. కందకం అలాగే ఉంది. దానికి ఇవతల, మేము కాపాడామనుకున్న చెట్లన్నీ ఎండిపోయి ఉన్నాయి. కందకం మీదికి రెండు వైపుల నుంచీ బోడి కొమ్మలు వంగి ఉన్నాయి. వాల్ట్ టోపీ తీసి కందకం పొడుగునా చివరిదాకా నడిచొచ్చాడు. తిరిగి వస్తుంటే ట్రక్కులో అన్నాడు: "మనకి కనిపించేది పాత జబ్బు. మనం గీత గీసేసరికే అది గీత దాటి మన వెనక నిలబడింది."

ఆ తర్వాత అతనెప్పుడూ ఎండిన చెట్టు పక్కన గీత గీయలేదు. చాలా దూరం నడిచి, ఆకు ఒక్కటి కూడా రాలని చోట గీసేవాడు. యజమానులు "అక్కడెందుకు, ఆ చెట్లు బాగానే ఉన్నాయిగా" అని పోట్లాడేవారు. "బాగానే ఉన్నాయి కాబట్టే" అనేవాడు. ఈ ఒక్కటి నేర్చుకుంటే చాలు, సగం పని వచ్చినట్టే.

ఎనభైల్లో సగం దాటాక చెట్లలోకి ఎక్కించే మందు వచ్చింది. కందకం తవ్వడానికి వీల్లేని ఇళ్ళ మధ్య అదే దిక్కు. నేను దాని పనివాణ్ణయ్యాను.

బంగారు ఈనెలు

రమణ ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. పోయినేడు ఉగాది వెళ్ళిన కొన్నాళ్ళకి ఒక ఆదివారం భోజనానికి పిలిచాడు. తలుపు కొట్టబోయి ఆగిపోయాను. గుమ్మానికి తోరణం ఉంది. మావిడాకులు కావు. ఈ ఊళ్ళో మావిడాకులు ఎక్కడివి? లైవ్ ఓక్ రెమ్మలు, దారానికి వరసగా గుచ్చారు. దూరం నుంచి చూస్తే పిల్ల మావిడాకుల్లాగే ఉంటాయి.

నేను ఆగింది అందుకు కాదు. ఆకులు వాడినా చాలావరకు పచ్చగానే ఉన్నాయి. వాటి ఈనెలు మాత్రం పచ్చగా లేవు. నడిమి ఈనె, దాన్నుంచి చీలిన చిన్న ఈనెలు, అన్నీ తేనెరంగులో, చేపముళ్ళలా స్పష్టంగా కనిపిస్తున్నాయి. లైవ్ ఓక్‌లో వాడు తెగులుకి ఇంతకంటే మంచి గుర్తు లేదు. నేను దాన్ని తోటల్లో చూశాను, లాబ్‌లో చూశాను. పండగ గుమ్మానికి వేలాడుతుంటే మాత్రం ఎప్పుడూ చూడలేదు.

రమణ తలుపు తెరిచి, "ఏంటి గురూ, బయటే నిలబడ్డావ్? తోరణానికి దణ్ణం పెడుతున్నావా?" అన్నాడు.

"ఇది ఎక్కడిది?"

"సుభద్ర ఆంటీ ఇచ్చారు. కాపెల్‌లో డాక్టర్ రంగారావు గారు లేరూ, వాళ్ళావిడ. ఏటా ఉగాదికి మనవాళ్ళందరికీ ఆవిడే కోసి పంచుతారు. ఈసారి చూశావా, ఈనెలు జరీ పోసినట్టు బంగారంలా వచ్చాయి. అందరూ ఎంత మెచ్చుకున్నారో!"

"అందరూ అంటే?"

"ఈ అపార్ట్‌మెంట్స్‌లో సగం గుమ్మాలు చూసుకో."

భోజనం చేశాక నిజంగానే చూసుకుంటూ నడిచాను. మెట్ల మీద, వరండాల్లో, తెలుగువాళ్ళ గుమ్మం ఎదురైనప్పుడల్లా అవే ఆకులు, అవే బంగారు ఈనెలు. కోసిన రెమ్మలతో తెగులు పాకదు. లైవ్ ఓక్ ఆకుల మీద అది పిల్లలు పెట్టదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. అయినా ప్రతి గుమ్మం ముందూ ఆగి ఒక ఆకు తిప్పి చూశాను. ఎక్కడో ఒక తోపు చనిపోతోంది, ఆ కబురు అందరి గుమ్మాలకీ కట్టి ఉంది, ఎవరికీ చదవడం రాదు.

సుభద్రగారి తోపు

కాపెల్ ఇంకా సగం పల్లెటూరే. ఫ్రిస్కోకి వెళ్తే అన్నీ పొలాలే. డాక్టర్ రంగారావు గారు ఆపరేషన్లకి మత్తిచ్చే డాక్టరు. వాగు ఒడ్డున ఇల్లు కొన్నారు. ఇంటి పక్కనే ఒక మహావృక్షం, లైవ్ ఓక్. దాని కొమ్మలు నేలను తాకి మళ్ళీ పైకి లేచాయి. అక్కణ్ణించి వాగు దాకా దిగుతూ చిన్న చెట్ల తోపు.

ఆ వారమే వాళ్ళింటికి వెళ్ళి, వాల్ట్ నేర్పినట్టు ముందు ఇంటివాళ్ళతో మాట్లాడాను. సుభద్రగారికి యాభై దగ్గరపడుతుంటాయి. ఆవిడ మాట నెమ్మది.

"ఈ దేశం వచ్చిన మొదటి ఉగాదికి ఆకుపచ్చ కాగితం కత్తిరించి తోరణం కట్టాను ప్రసాదూ" అన్నారు. "పక్కింటి అమెరికన్ ఆవిడ ఎవరి పుట్టినరోజని అడిగింది. ఏడుపొచ్చింది. ఈ ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు ఈయన బెడ్‌రూములు లెక్కపెడుతున్నారు. నేను ఆ చెట్టు చూశాను. అంతే, ఇంక లోపలికి వెళ్ళలేదు."

"అబద్ధం," అన్నారు డాక్టరు గారు. "వంటిల్లు చూసింది. చిన్నదని నన్ను తిట్టింది కూడా."

"తోరణాలకి ఈ చెట్టువే కోస్తారా అక్కయ్యగారూ?"

"అయ్యో, పెద్దదానికి కత్తి పెడతానా? అది ఇంటికి పెద్దదిక్కు. వాగు పక్కన చిన్నవి ఉన్నాయిగా, వాటికి కోస్తాను. ఈయన పొడుగు కర్రకి రంపం కట్టి ఇచ్చారు. అంతమందికి రెమ్మలు చాలవుగా, చిన్న కొమ్మలే దింపుతాం."

వాగు వైపు నడిచాను. గాలి లేదు. ఒకటొకటిగా ఆకులు పడుతున్నాయి. ఒడ్డున ఉన్న చెట్టు పైభాగం అప్పటికే బోడి. దాని పక్కది సగం పలచబడింది. ఆ పక్కది చూడ్డానికి బాగుంది, కానీ దాని కింద రాలిన ఆకుల్లో బంగారు ఈనెలవి దొరికాయి. అది మెట్టు మెట్టుగా ఇంటివైపు వస్తోంది. పెద్ద చెట్టు ఇంకా నిండుగా, నల్లటి నీడతో, ఏమీ తెలియనట్టు నిలబడి ఉంది.

వాగు ఒడ్డున ఇళ్ళ మధ్య నీళ్ళ పైపులు, గ్యాస్ లైన్లు ఉన్నాయి. కందకం కుదరదు. వాల్ట్ వచ్చి చూసి ఒకే మాట అన్నాడు: "చిన్నవాటిని వదిలెయ్. పెద్దదానికి ఇవాళే మందెక్కించినా ఆలస్యమే కావచ్చు."

కుర్రాళ్ళూ, ఇక్కడ ఒక మాట. సగం ఆకు పోయిన చెట్టుకి మందు అమ్మకండి. ఇంటివాళ్ళు బతిమాలతారు, ఎంతైనా ఇస్తామంటారు. ఎండిన గొట్టాల్లో మందు ఎక్కదు. ఆరోగ్యంగా కనిపించే చెట్టుకే ఎక్కించాలి, అదీ తెగులు దానివైపు వస్తున్నప్పుడు. జబ్బు లేనివాడికి మందు, జబ్బున్నవాడికి గొడ్డలి. ఈ పని క్రూరత్వం ఇందులోనే ఉంది. దాన్ని తీపిమాటలతో దాచకండి.

మందెక్కించిన రోజు

ముందురోజు బోడిచెట్టుని కొట్టించాం. మర్నాడు ఎండ బాగా కాస్తోంది, చిన్న గాలి ఉంది. మందు తాగించడానికి అలాంటి రోజే కావాలి. ఆకులు నీరు ఆవిరి చేస్తేనే చెట్టు కింద నుంచి లాగుతుంది.

పెద్ద చెట్టు మొదలు చుట్టూ మట్టి తీసి, చీపురుతో తుడిచి, వేళ్ళ మొదళ్ళు బయటపెట్టాను. దగ్గరదగ్గరగా సన్నని రంధ్రాలు చేసి, ప్లాస్టిక్ ముక్కులు బిగించి, వాటన్నిటినీ గొట్టంతో కలిపి తొట్టికి తగిలించాను. పంపు ఆన్ చేయగానే గొట్టాల్లో మందునీళ్ళు కదిలాయి.

డాక్టరు గారు ఆసుపత్రికి సెలవు పెట్టి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాసేపటికి లేచి గొట్టాన్ని గోటితో తట్టారు. "గాలిబుడగ ఉందయ్యా ఇక్కడ."

"చెట్టుకి బుడగతో ప్రమాదం లేదండీ."

"అలవాటు. ప్రెషర్ ఎంత?" అని మీటర్ మీదికి వంగారు. "నా పేషంట్లలో ఇంత బుద్ధిమంతుణ్ణి చూడలేదు. అంకెలు లెక్కపెట్టమంటే కూడా ఎదురు మాట్లాడడు."

సుభద్రగారు చెట్టుకి చెయ్యి ఆనించి నిలబడ్డారు. లోపల నీళ్ళు పోతున్న చప్పుడు వినపడుతుందా అని అడిగారు. వినపడదని చెప్పాను. ఆవిడ చెవి ఆనించే ఉంచారు. ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, "ప్రసాదూ, అదేమిటి?" అన్నారు.

పెద్దచెట్టుకీ వాగుకీ మధ్య పక్కింటివాళ్ళ హద్దు దగ్గర ఒక లైవ్ ఓక్‌ని తెగులు భయంతో వాళ్ళు ఆ ఉదయమే కొట్టేశారు. మొద్దు మిగిలింది. ఇందాకటి దాకా పొడిగా ఉన్న దాని కోతముఖం ఇప్పుడు తడిగా మెరుస్తోంది. చూస్తుండగానే తడి చుక్కలు కట్టింది. మేము ఇక్కడ పంపు కొడుతున్నాం, అక్కడ మొద్దుకి చెమట పడుతోంది.

"చచ్చినదానికి చెమటేమిటి?" అన్నారావిడ.

నేను తొట్టి దగ్గరున్న వాల్ట్‌కి తెలుగులోంచి మార్చి చెప్పాను. అతను మొద్దు దగ్గర కూర్చుని చూపుడువేలుతో తడి తుడిచి, వాసన చూసి, "మన మందే" అన్నాడు. "పైన కోశారు. వేళ్ళకి ఇంకా కబురు అందలేదు."

ఆ మొద్దు మాకు చెప్పింది ఏమిటంటే, పెద్దచెట్టు వేళ్ళు అంతదూరం కలిసే ఉన్నాయి. మందు ఏ దారిన బయటికి వెళ్తోందో, తెగులు ఆ దారినే లోపలికి రాగలదు. వచ్చేసి ఉండొచ్చు కూడా. ముక్కులు ఇంకొన్ని బిగించాను.

వాసన

భోజనాలవేళ సుభద్రగారు పులిహోర, పెరుగన్నం పెట్టారు. వాల్ట్ పులిహోరలో మిరపకాయ నమిలి కన్నీళ్ళు పెట్టుకుంటే డాక్టరు గారు, "మత్తిమ్మంటావా?" అని అడిగారు. అందరం నవ్వాం. ఆ నవ్వు మధ్యలో ఆవిడ మామూలుగా అన్నారు:

"రెండేళ్ళ నుంచీ ఉగాది రోజుల్లో ఒక వింత జరుగుతోంది ప్రసాదూ. రెమ్మలు కొయ్యడానికి వాగు దగ్గరికి దిగితే పనసపండు వాసన. మిగలపండిన పనస, తెలుసుగా, వీధి చివరి నుంచే తెలుస్తుంది. ఇక్కడ పనసచెట్టు ఎక్కడిది? మా పుట్టింట్లో ఉగాదికి పనసపండు కోసేవాళ్ళం. అమ్మవారే పంపిందనుకుని అక్కడే కాసేపు నిలబడి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు రంపం అందుకుంటాను."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

తిన్నాననిపించి వాగులోకి దిగాను. డాక్టరు గారు నా వెనకే వచ్చారు. తీగల వెనక, ఒడ్డు వంపులో, ఎవరూ పట్టించుకోని ఒక ఎర్ర ఓక్ నిలబడి చచ్చి ఉంది. బెరడు నిలువునా పగిలింది. పగులులో వేలు పెట్టి లాగితే పెచ్చు ఊడొచ్చింది. లోపల, బెరడుకీ చెక్కకీ మధ్య, ఎండి నల్లబడిన శిలీంధ్రపు చాప. దాని నడుమ రెండు మెత్తలు ఎదురెదురుగా ఉబ్బి బెరడుని లోపలినుంచి తోసి పగలగొట్టాయి. ఆ మెత్తల్ని పుస్తకంలో బొమ్మగా చూస్తే ఏమీ అనిపించదు. చేతిలో పట్టుకుంటే మాత్రం, తలుపు లోపలినుంచి ఎవరో తోసినట్టు ఉంటుంది.

తాజాగా ఉన్నప్పుడు ఆ చాప పండిన పండు వాసన వేస్తుంది. ఆ వాసన చిన్న నల్లపురుగుల్ని పిలవడానికి. అవి వచ్చి, మేసి, ఒంటికి శిలీంధ్రం అంటించుకుని, అక్కణ్ణించి తాజాగా కోసిన ఓక్ గాయం ఎక్కడుందా అని వెతుక్కుంటాయి. వసంతంలో. ఉగాది రోజుల్లో. ఇక్కడికి కొద్ది అడుగుల దూరంలో, పెద్దదాన్ని నొప్పించకూడదని చిన్నచెట్లకి రంపం పెట్టిన చోట.

డాక్టరు గారికి చెప్పాను. ఆయన పెచ్చుని తిప్పి తిప్పి చూశారు. ఇందాకటి హాస్యం మొహంలో లేదు.

"సుభద్రకి చెప్పకు."

"మళ్ళీ ఉగాదికి కోస్తారండీ."

"రంపం విరిగిందని చెబుతాను. నడుం నొప్పంటాను. ఏదో ఒకటి. ముప్పై ఏళ్ళుగా మనుషుల్ని నిద్రపుచ్చుతున్నానయ్యా. ఏది తెలియకుండా ఉంటే మంచిదో నాకు తెలుసు."

తిరుగుదారిలో వాల్ట్‌ని అడిగాను. అతను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఎలా వచ్చిందన్నది కోర్టులో పనికొస్తుంది. ఇంటివాళ్ళకి కావలసింది వచ్చే వసంతంలో ఏం చెయ్యాలి అన్నదే. నేను ఎవరికీ వాళ్ళ తప్పు చెప్పను" అన్నాడు.

వాల్ట్ నాకు నేర్పినవాటిలో నేను ఒప్పుకోనిది ఇదొక్కటే. ఈ ఇంట్లో వచ్చే వసంతంలో మానెయ్యాల్సిందీ, ఇదివరకు చేసిందీ ఒకే పని, కొమ్మలు కొయ్యడం. రెండోది దాచి మొదటిది చెప్పడం కుదరదు. పైగా ఆవిడ ఒక్కరే కాదు. ఇర్వింగ్ అపార్ట్‌మెంట్లలోని మనవాళ్ళు ఇళ్ళు కొనుక్కుని వెళ్తున్నారు. ప్రతి ఇంటి ముందూ ఒక ఓక్ చెట్టు ఉంటుంది. తోరణానికి ఓక్ రెమ్మ పనికొస్తుందని వాళ్ళందరికీ నేర్పింది ఆవిడే.

చెప్పడం

చలికాలంలో, మందు పట్టిందో లేదో చూసే నెపంతో వెళ్ళాను. చిన్నచెట్లన్నీ పోయాయి. వాగు దాకా ఆకాశం కనిపిస్తోంది. పెద్దచెట్టు పైన ఒక పక్క కొంచెం పలచబడి, అక్కడితో ఆగింది. అంటే తెగులు దానిలోకి వచ్చింది. మందు దాన్ని చంపదు. అదుపులో పెడుతుంది, అంతే. ఆ చెట్టు బతికినన్నాళ్ళూ అది లోపల ఉంటుంది, కొన్నేళ్ళకోసారి మందు ఎక్కిస్తూ ఉండాలి. ఇది కూడా ఇంటివాళ్ళకి దాచకుండా చెప్పండి. 'నయమైంది' అనే మాట ఈ వృత్తిలో వాడకండి.

డాక్టరు గారు లోపల ఫోన్‌లో ఉన్నారు. చెట్టు కిందే ఆవిడకి చెప్పాను. వరసగా చెప్పాను, నాకు అదొక్కటే వచ్చు. వాసన ఏమిటి, పురుగు ఎందుకొస్తుంది, గాయం ఎలా పిలుస్తుంది, వేళ్ళ దారిన ఇంటిదాకా ఎలా నడిచింది.

ఆవిడ అంతా విన్నారు. అయిపోయాక, "నేను దణ్ణం పెట్టింది దానికా?" అన్నారు.

అవునన్నట్టు తల ఊపాను.

"ఏ ఏడు కోసిన కొమ్మతో వచ్చింది?"

"అది ఎవరూ చెప్పలేరండీ."

"ఈయనకి తెలుసా?"

ఊరుకున్నాను. ఊరుకోవడమే జవాబైంది. ఆవిడ గరాజ్‌లోకి వెళ్ళి పొడుగు కర్రకి కట్టిన రంపం తీసుకొచ్చి నా ట్రక్కులో పడేశారు. "ఇది నీ దగ్గరుంచు. మళ్ళీ అడిగినా ఇవ్వకు. ఇంకా ఏ ఇళ్ళల్లో ఓక్ చెట్లున్నాయో నేను ఫోన్లు చేస్తాను. కోసుకోకపోతే పండగ కాదనేవాళ్ళుంటే, కోసిన క్షణంలో గాయానికి నల్ల పెయింట్ కొట్టమని చెప్పాలి, అంతేగా?"

"అసలు వసంతంలో కొయ్యకపోతే మంచిది."

"అది కూడా చెబుతాను. నా మాట వింటారు. ఇన్నేళ్ళూ విన్నారుగా." ఆ చివరి మాట ఆవిడ నన్ను చూసి అనలేదు.

డాక్టరు గారు చాలాకాలం నాతో ముభావంగా ఉన్నారు. ఆయన వైపు న్యాయం లేదని అనను. ఆ చలికాలమంతా ఆవిడ సరిగ్గా నిద్రపోలేదని రమణ ద్వారా తెలిసింది. మీకు ఇలాంటిది ఎదురైతే నాలాగే చెయ్యమని సలహా ఇవ్వను. చెప్పకుండా వచ్చేస్తే తర్వాత ఉగాది మీ చేతిలో ఉండదని మాత్రం అంటాను.

ఈ ఉగాది

ఈ ఏడు ఉగాదికి వాళ్ళింటికి అందరం వెళ్ళాం. గుమ్మానికి ఆకుపచ్చ కాగితం తోరణం. ఒక్కో ఆకుకీ నడిమి ఈనె పడేలా మధ్యకి మడతపెట్టి, అంచులు కత్తిరించారు. వచ్చినవాళ్ళందరికీ అలాంటిదే చుట్టచుట్టి ఇచ్చారు. పిల్లలు, "ఆంటీ, దిస్ ఈజ్ పేపర్!" అని నవ్వుతుంటే, "అవును కన్నా, ఈసారి కాగితం చెట్టుకి కాసింది" అన్నారు. డాక్టరు గారు నా పళ్ళెంలో తనే బొబ్బట్టు వేశారు. కోపం తగ్గిందనుకున్నాను.

కిటికీలు తెరిచి ఉన్నాయి. పెద్దచెట్టు కొత్త చిగురు వేసి కిటికీ నిండా ఉంది. పైన పలచబడిన చోటు నాకూ ఆ ఇంటివాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు. పచ్చడి పంచుతుండగా గాలి మళ్ళింది. వాగు వైపు నుంచి.

ముందు రమణే గట్టిగా పీల్చాడు. "అబ్బ! ఆంటీ, పనసపండు తెప్పించారా? ఎక్కడ దొరికింది?"

"నాకూ వస్తోంది!" అని ఇంకెవరో అన్నారు. గది గదంతా మొహాలెత్తి, కళ్ళు మూసుకుని, నవ్వుతూ ఆ వాసన పీలుస్తోంది. పోయిన వేసవిలో ఆ ఎర్ర ఓక్‌ని కొట్టి, బెరడు ఒలిచి, కాల్చేశాం. మా ఒడ్డంతా వెతికాను. ఒక్క జబ్బుచెట్టు లేదు. ఇది అవతలి ఒడ్డుది. మళ్ళీ గీత దాటి వచ్చింది.

సుభద్రగారు నా వైపు చూశారు. చేతిలోని పచ్చడి గిన్నె బల్లమీద పెట్టి, ఒక్కొక్క కిటికీ దగ్గరికీ వెళ్ళి మూశారు. ఎవరో, "అయ్యో ఆంటీ, ఎందుకు మూస్తున్నారు, ఎంత బాగుందో!" అన్నారు.

"పనస కాదు నాన్నా. పచ్చడి తీసుకో" అన్నారావిడ.

నా మోకాళ్ళు అప్పటికే బొత్తిగా పనికిరాకుండా ఉన్నాయి. అయినా లేచాను. గొడ్డలి ట్రక్కులో ఉంది. డాక్టరు గారు ఏమీ అడగకుండా బూట్లు తొడుక్కుని, గరాజ్‌లోంచి అగ్గిపెట్టె, కిరోసిన్ డబ్బా తెచ్చుకున్నారు. వాగు దగ్గర నీళ్ళు నా మోకాళ్ళ దాకా వచ్చాయి. ఆయన భుజం మీద చెయ్యి వేసి దాటాను. వెనక మూసిన కిటికీల్లోంచి నవ్వులు వినపడుతున్నాయి. వాసన ముందు నుంచి వస్తోంది, అడుగడుక్కీ తియ్యగా, చిక్కగా.

దాని ఎదురుగానే నడిచాం.